మేజోడులో దాచిన వాక్యం

అయినా, ఒక మాట అబద్ధమైతే ఆ తప్పు మాటదా, దాన్ని కిటికీలో నిలబెట్టిన చేతిదా? నిన్న సాయంత్రం నుంచి నాలో ఇదే తిరుగుతోంది. టీ కెటిల్ పక్కన, బల్ల మీద బోర్లా పడి ఉన్నాను. అక్షరాలు కిందికి, ఖాళీ వీపు పైకి. మూడు గంటలకు వాళ్లు నన్ను తీసుకుపోవడానికి వస్తారు. అద్దాల పెట్టెలో పచ్చ మఖమల్ గుడ్డ పరిచి, దాని మీద పెడతారట. నాకు ఇష్టం లేదు. నన్ను ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే ఇదే చెప్పేదాన్ని.

నేను ఒక అట్టముక్కను. జానెడు పొడవు, దానికి సగం వెడల్పు. నా మీద ఉన్నది ఒక్కటే వాక్యం, వెల్ష్ భాషలో, లావు నల్ల అక్షరాల్లో: ‘ఈ ఇంట్లో ద్రోహి లేడు.’ ఒకే ఒక్క వాక్యం తెలిసినవాళ్లను మనుషులు మొండివాళ్లంటారు, లేకపోతే మహానుభావులంటారు. నన్ను రెండూ అన్నారు.

వేల్స్ ఉత్తరాన, పలకరాయి క్వారీలున్న ఒక కొండ ఊళ్లో పుట్టాను. ప్రెస్సువాడు మా అట్టల దొంతరను చావు కబుర్ల కార్డుల కోసం తెప్పించుకున్నాడు. అంచున నల్లగీత లేకపోవడం ఒక్కటే మాకూ వాటికీ తేడా. కోసే కత్తి నా దగ్గరికి వచ్చేసరికి పక్కన ఎవరో దగ్గారు, చెయ్యి కదిలింది, నా కింది అంచు వంకర పోయింది. అందుకే నన్ను ఎక్కడ నిలబెట్టినా కాస్త ఎడమకు ఒరుగుతాను. నా మీది వాక్యం మాత్రం చాలా నిటారైనది.

అది పంతొమ్మిదివందల ఒకటి. యూనియన్‌తో మాట్లాడనని క్వారీ యజమాని భీష్మించాడు. యూనియన్ లేకుండా పనిలోకి రామని మనుషులు భీష్మించారు. గేట్లు మూతపడ్డాయి. నెలలు గడిచేకొద్దీ కొందరు తలలు వంచుకుని ఒక్కరొక్కరే వెనక్కి పోవడం మొదలుపెట్టారు. నన్ను అచ్చు వేసింది అప్పుడే. పనికి పోని ప్రతి ఇంటి కిటికీలోనూ నేనే. మా వీధిలో నలభై ఇళ్లుంటే ముప్పై కిటికీల్లో నేను ఉన్నాను. మిగిలిన పది కిటికీలు ఏమీ అనకుండానే అన్నీ చెప్పేవి. మనుషుల తెలివి చూడండి. ద్రోహి ఇంటికి గుర్తు పెట్టరు. మిగతా ఇళ్లన్నిటికీ పెడతారు.

ఒక సంగతి నేను మొదటి రోజే గమనించాను. వీధిలోవాళ్లకు నేను వాక్యాన్ని. ఇంట్లోవాళ్లకు తెల్లటి వీపును. తమ కిటికీ తమ గురించి ఏమంటోందో ఆ ఇంట్లోవాళ్లు కూర్చున్న చోటు నుంచి ఎన్నడూ చదవలేరు.

నన్ను తెచ్చుకున్న ఇల్లు కాత్రిన్‌ది. భర్త క్వారీలో రాయి విరిగిపడి పోయాడు. ఇద్దరు కొడుకులు. పెద్దవాడు మెరిగ్, పెళ్లయి, పసిపిల్లతో అదే వీధిలో మూడిళ్ల అవతల ఉంటాడు. చిన్నవాడు ఎమ్రిస్, పంతొమ్మిదేళ్లు, తల్లి దగ్గరే. నేను చెప్పబోయేది ఎమ్రిస్ కథ. తరవాత అతను ఫుట్‌బాల్ ఆడి పేపర్లకెక్కాడు. కానీ అతని ఆట ఎక్కడ మొదలైందో పేపర్లకు తెలియదు. నాకు తెలుసు, నేను అతని కాలికి ఉన్నాను గనక.

కాత్రిన్ అబద్ధం ఆడదు. పొగడ్తగా అనడం లేదు, అది ఆ ఇంటి జబ్బు. గుడ్లు మానేసిన కోడిని ఎవరో కొనబోతే, ‘ఇది గుడ్డు పెట్టి ఏడాదైంది’ అని ముందే చెప్పి, అమ్ముడుపోక, అది చచ్చేదాకా మేపిన మనిషి. కొడుకులకూ ఆ జబ్బు వచ్చింది.

ఒక ఆదివారం సాయంత్రం మెరిగ్ వచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు.

“అమ్మా, రేపట్నుంచి పనిలోకి పోతున్నా.”

కాత్రిన్ అల్లిక ఆపలేదు. “పిల్లకి పాలు లేవనా?”

“పాలు లేవు, అది నిజమే. కానీ అందుక్కాదు.”

“మరెందుకురా?”

“రాయి చీల్చకుండా ఉండలేకపోతున్నానమ్మా. చేతులు నన్ను కూర్చోనివ్వట్లేదు. కంచం ముందు పెట్టుకున్నా, దీని అంచున ఉలి ఎక్కడ పెడితే నీటుగా చీలుద్దా అని చూస్తున్నా.”

ఆకలి అని చెప్పి ఉంటే ఊరు పదేళ్లకైనా క్షమించేది. ఆకలిని అందరూ అర్థం చేసుకుంటారు. చేతులకు పని మీద ఉన్న మోహాన్ని ఎవరూ అర్థం చేసుకోరు, అందులోనూ సమ్మెలో. ఆ సంగతి అతనికి తెలుసు. అయినా ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆ వీధిలో అంత అనవసరమైన నిజం ఇంకెవరూ చెప్పలేదు.

మరుసటి వారం అతను తల్లిని చూడటానికి వచ్చినప్పుడు గుమ్మం బయటే ఆగాడు. లోపలి నుంచి కాత్రిన్ లేచి వచ్చి, కిటికీలోంచి నన్ను తీసి, అల్మారా మీద బోర్లా పెట్టింది. “ఇప్పుడు రా,” అంది. అతను వచ్చి, టీ తాగి, వెళ్లాడు. అతను వీధిలోకి దిగగానే నన్ను మళ్లీ కిటికీలో నిలబెట్టింది.

ఎమ్రిస్ అడిగాడు: “ఎందుకమ్మా తీయడం?”

“వాడు ఇంట్లో ఉన్నంతసేపూ అది అబద్ధమవుద్ది కదరా. బొంకే అట్ట నా కిటికీలో ఉండటానికి వీల్లేదు.”

ఆ రోజు నుంచి అదే ఆచారం. మెరిగ్ గుమ్మంలో నిలబడతాడు, నేను దిగుతాను, అతను లోపలికి వస్తాడు. అతను దిగితే నేను ఎక్కుతాను. నేను కిటికీలో ఉండగా అతను ఇంట్లో ఎన్నడూ లేడు. కాత్రిన్ ఒక్క సంగతి ఆలోచించలేదు. కిటికీ ఖాళీగా కనబడిన ప్రతిసారీ, లోపల ఎవరున్నారో వీధి మొత్తానికి తెలిసిపోయేది. ఆమె నిజాయితీయే ఊరికి గడియారం అయింది. కిటికీ ఎంతసేపు ఖాళీగా ఉందో నిమిషాలతో సహా చెప్పుకునేవాళ్లు.

రౌలాండ్స్ ఒకరోజు మాట్లాడటానికి వచ్చాడు. ఊరి ఫుట్‌బాల్ జట్టుకు కెప్టెన్, యూనియన్‌లో పెద్ద గొంతు, వయసు మాత్రం పాతికే.

“పిన్నీ, రెంట్లో ఏదో ఒకటి తేల్చుకో. అట్టన్నా ఉంచు, అతగాణ్ణన్నా రానియ్యి. ఇలా ఎక్కించి దించడం, నలుగురూ నవ్వుతున్నారు.”

“తలుపు నాది, అట్ట మీరిచ్చింది. నీ అట్ట చేత అబద్ధం చెప్పించను. నా కొడుకుని గుమ్మంలో నిలబెట్టి మాట్లాడను. నవ్వుకునేవాళ్లని నవ్వుకోనియ్యి నాయనా, పని లేదుగా వాళ్లకి, నవ్వన్నా నవ్వనీ.”

నాకు ఆ రోజు గర్వంగా అనిపించింది. కానీ ఆలోచిస్తే, అందులో నా ప్రమేయం ఏముంది? అల్మారా మీద బోర్లా పడి ఉండటమే.

ఇక ఆ శనివారం. పక్క ఊరితో మ్యాచ్. లాకౌట్ వల్ల కుర్రకారంతా బొగ్గుగనుల పనికి దక్షిణానికి వెళ్లిపోయారు. ఎంత వెతికినా పదిమందే తేలారు. పదకొండోవాడు మెరిగ్. అతను ముందు వరసలో ఆడతాడు, తలతో గోలు కొట్టడంలో ఆ చుట్టుపక్కల అతణ్ణి మించినవాడు లేడు. జట్టు బట్టలు మార్చుకునే గుర్రాల కొట్టంలో రౌలాండ్స్ ఒక పరిష్కారం చెప్పాడు.

“ఆడనిద్దాం. పదిమందితో దిగితే ఓడిపోతాం. కానీ ఎవ్వరూ అతనికి బంతి ఇవ్వొద్దు. ఇచ్చినవాడు కూడా వాడితో సమానమే.”

ఆటకు పదకొండుమంది కావాలి, ధర్మానికి పదిమంది చాలు. ఈ లెక్క ఎవరికీ వింతగా తోచలేదు.

ఆ ఉదయం మెరిగ్ తల్లి దగ్గర గంజి తాగి అప్పుడే వెళ్లాడు, నేను ఇంకా అల్మారా మీదే ఉన్నాను. ఎమ్రిస్ ఆదరాబాదరాగా వచ్చాడు. కాలి ముందెముకకు కట్టుకునే బెత్తం పుల్లల పట్టీ విరిగిపోయి ఉంది. అటూ ఇటూ చూశాడు. చేతికి నేను తగిలాను. నన్ను మేజోడులోకి తోసి పరుగెత్తాడు. అక్షరాలు ఎముకకు ఆనుకున్నాయి. వాక్యాన్ని మనిషి అంత దగ్గరగా చదవలేడు. అయినా ఆ రోజు అతను చదువుతున్నాడనే అనుకుంటాను.

మైదానం ఏటవాలుగా ఉంటుంది, కొండ ఊరు కదా. ఎమ్రిస్ కుడి అంచున ఆడతాడు. మెరిగ్ మధ్యలో. తొంభై నిమిషాలు మెరిగ్ పరుగెత్తాడు. ఖాళీ ఎక్కడుంటే అక్కడికి. ఒక్క బంతి రాలేదు. ఎదుటి జట్టుకు పది నిమిషాల్లోనే విషయం అర్థమై, అతణ్ణి కాయడం మానేశారు. మైదానం మొత్తంలో అంత స్వేచ్ఛగా ఉన్న మనిషి ఇంకొకడు లేడు. అయినా పరుగు ఆపలేదు. రాయి చీల్చకుండా ఉండలేని చేతుల్లాంటివే అతని కాళ్లు కూడా.

ఆట చివర్లో ఎమ్రిస్ ఇద్దరిని దాటి గోలు ఎదురుగా వచ్చాడు. ముగ్గురు మీద పడుతున్నారు. ఎడమ పక్కన, పది అడుగుల దూరంలో, అన్న. ఒంటరిగా. గోల్‌కీపర్ కూడా అటు చూడటం లేదు.

“ఎమ్రిస్, ఇటు.”

అరవలేదు. బల్ల దగ్గర ఉప్పు అడిగినట్టు అన్నాడు. ఎమ్రిస్ కాలు ఒక్క క్షణం ఆగింది. కండరం బిగుసుకోవడం నాకు తెలిసింది. పాదం అటు తిరగబోయింది. అప్పుడు జనం నిలబడ్డ గట్టు మీద నుంచి ఎవరో దగ్గారు. అంతే. అతను ముగ్గురినీ తనే దాటి తనే కొట్టాడు. బంతి కర్రకు తగిలి బయటికి పోయింది. మ్యాచ్ ఓడిపోయారు. గట్టు మీద చప్పట్లు మోగాయి. ఓడినందుకు అంత సంతోషించిన ఊరిని నేను మళ్లీ చూడలేదు.

చప్పట్లు కొట్టనివాడు ఒక్కడే, గుండ్రటి గట్టి టోపీ పెట్టుకుని గట్టు చివర నిలబడ్డ ఇంగ్లీషాయన. లాంకషైర్ నుంచి వచ్చాడు, పెద్ద క్లబ్బు తరఫున ఆటగాళ్లను వెతుక్కుంటూ. ‘వీడికి ఎవరూ అక్కర్లేదు, వీడొక్కడు చాలు,’ అనుకున్నాడట. తమ్ముడు అన్నను చూడనట్టు నటించడం అతనికి ప్రతిభగా కనబడింది. మూడు వారాల్లో ఎమ్రిస్‌కు కబురు వచ్చింది.

నన్ను తిరిగి ఇద్దామని ఎమ్రిస్ మేజోడు విప్పితే కాత్రిన్ చూసింది. చెమటకు మెత్తబడి, ఒక పక్క నొక్కుపడి ఉన్నాను.

“దీంతో ఆడావా?”

“ఆడానమ్మా.”

“అన్నకి బంతి ఇచ్చావా?”

అతను మాట్లాడలేదు. ఆ ఇంటి జబ్బు మౌనంలో కూడా పని చేస్తుంది.

“అయితే అది నీ దగ్గరే ఉంచుకో,” అంది. “నా కిటికీకి వద్దు.”

ఆ తరవాత ఆమె కిటికీ ఎప్పుడూ ఖాళీగానే ఉంది. రౌలాండ్స్ కొత్త అట్ట తెచ్చి ఇవ్వబోయాడట. ‘ఒకటిచ్చారు, అది మావాడి కాలికుంది,’ అందట. ఖాళీ కిటికీ ఉన్న ఇంటికి నీళ్ల పంపు దగ్గర పలకరింపులు ఉండవు. సమ్మె ముగిసేదాకా, ముగిశాక కూడా, ఆమె తన బిందె తను మోసుకుని తలెత్తుకు నడిచింది. కొడుకు ఒక్క అట్టముక్క తీసుకుపోయినందుకు ఆమెకు పడిన శిక్ష అది. ఆమె దాన్ని శిక్ష అనుకోలేదు.

సమ్మె మూడేళ్లు నడిచి ఓడిపోయింది. అందరూ వెనక్కి పోయారు. రౌలాండ్స్ కూడా పోయాడు. అదే గేటు, అదే పని, అదే యజమాని. మెరిగ్‌కూ వాళ్లకూ తేడా పదహారు నెలలు. ఆ పదహారు నెలలను ఊరు ముప్పై ఏళ్లు సాకింది.

నేను అప్పటికి లాంకషైర్‌లో ఉన్నాను. మిల్లు గొట్టాలు, పొగ, ఇటుక ఇళ్లు. ఎమ్రిస్ బస చేసిన ఇంటావిడ హాబ్సన్ మొదటి రోజే అతని పెట్టెలో నన్ను చూసింది.

“ఇదేంటి నాయనా, బైబిల్ వాక్యమా?”

అతనికి ఇంగ్లీషు అంతంత మాత్రం. వివరించే ఓపిక అసలు లేదు. “గది ఖాళీ లేదని రాసుంది,” అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక అతను ఆడిన మొదటి అబద్ధం అదే అనుకుంటాను.

“అమ్మయ్య, ఇలా ఇయ్యి. రోజూ ఎవడో ఒకడు తలుపు కొట్టి నా ప్రాణం తీస్తున్నాడు.”

అలా నాలుగు నెలలు నేను ఒక ఇంగ్లీషు కిటికీలో నిలబడి, నాకు తెలియని మాటను చెప్పాను. విచిత్రం ఏమిటంటే తలుపు కొట్టేవాళ్లు నిజంగానే తగ్గారు. అర్థం కాని వాక్యానికే మనుషులు ఎక్కువ భయపడతారు. తరవాత ఒకరోజు ఎమ్రిస్ నన్ను కిటికీలోంచి తీసి, మైనపు గుడ్డలో చుట్టి, కొత్త పట్టీలో పెట్టి కుట్టుకున్నాడు. ఎందుకో నాకు చెప్పలేదు. తనకూ చెప్పుకోలేదు.

పన్నెండు సీజన్లు అతని ఎడమ కాలికి ఉన్నాను. కుడి అంచున బంతి అందుకుంటే గోలు దాకా అతను ఎవరికీ ఇవ్వడు. జనం వెర్రెత్తిపోయేవాళ్లు. ఒంటరి వేల్స్‌వాడు అని పేపర్లు పేరు పెట్టాయి. సొంత జట్టువాళ్లు వేరే పేర్లు పెట్టారు, అవి ఇక్కడ రాయను. ఒక మ్యాచ్ అయ్యాక శిక్షకుడు నిలదీశాడు.

“నీ పక్కన మనిషి ఖాళీగా ఉన్నాడు. చూశావా లేదా?”

“చూశాను.”

“మరి ఇవ్వవేం?”

“చూశాను కాబట్టే.”

శిక్షకుడు దాన్ని పొగరు అనుకున్నాడు. పొగరు కాదు. అతని రక్తం కొట్టుకునే చోట పన్నెండేళ్లు ఆనుకుని ఉన్నాను, నాకు తెలుసు. ఖాళీగా నిలబడ్డ మనిషి ఎవడైనా అతనికి అన్నలా కనబడేవాడు. ఒక్కసారి ఎవరికైనా బంతి ఇస్తే, ఆ రోజు కూడా ఇచ్చి ఉండొచ్చు అని ఒప్పుకున్నట్టవుతుంది. ఎన్నడూ ఎవరికీ ఇవ్వనివాడైతే, ఆ రోజు చేసింది తప్పు కాదు, తన ఆట తీరే అంత. ఒక్క క్షణాన్ని స్వభావంగా మార్చడానికి అతను తన యవ్వనమంతా ఖర్చు పెట్టాడు. దానికి జనం టిక్కెట్టు కొని చప్పట్లు కొట్టారు.

వేల్స్ దేశపు జట్టుకు పిలుపు వచ్చినప్పుడు క్లబ్బు పంపనంది. అదే శనివారం తమకు మ్యాచ్ ఉందట. మేనేజరు ఎదురుగా నిలబడి ఎమ్రిస్ ఒకే మాట అన్నాడు: “మీరు నన్ను కొన్నది శనివారాలకి. నేను పుట్టింది శనివారం కాదు.” రైలెక్కాడు. ఆ తరవాత నెల రోజులు క్లబ్బు అతణ్ణి పక్కన కూర్చోబెట్టింది. నాకు ఆ రైలు ప్రయాణం ఇష్టం. దేశపు జట్టు ఎర్ర చొక్కా ఒళ్లో పెట్టుకుని, కిటికీ అద్దానికి నుదురు ఆనించి, కొండలు రాగానే అతను నవ్వాడు. ఇంగ్లండ్ మీద ఆడిన ఆ ఆటలో బురద మోకాళ్ల దాకా ఉంది. మధ్య గీత నుంచి ఒక్కడే తీసుకుపోయి గోలు కొట్టాడు. పక్కన ఇద్దరు ఖాళీగా ఉన్నారు.

దేశానికి ఆడినవాళ్లకు ఒక మఖమల్ టోపీ ఇస్తారు. ఆ టోపీతో ఊరికి వచ్చాడు. స్టేషన్‌లో బ్యాండు వాయించారు. రౌలాండ్స్ కాగితం చూసి ప్రసంగం చదివాడు. జనం వెనక, ప్లాట్‌ఫారం కొసన, నీళ్ల తొట్టి పక్కన ఒక మనిషి నిలబడి ఉన్నాడు. క్వారీ నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, కనుబొమల మీద రాతి ధూళి. ఎమ్రిస్ చూశాడు. కాలి కండరం బిగుసుకునే ఉంటుంది, సంచిలో ఉన్నా నాకు తెలుసు. అతని ముందు నుంచే నడిచి వెళ్లిపోయాడు. మెరిగ్ టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. బ్యాండువాళ్లు ఆపకుండా వాయించారు.

కాత్రిన్ స్టేషన్‌కు రాలేదు. ఇంట్లో అడిగింది.

“అన్నయ్య వచ్చాడా?”

“వచ్చాడు.”

“పలకరించావా?”

ఎమ్రిస్ మఖమల్ టోపీని బల్ల మీద పెట్టాడు.

“ఇంగ్లండువాళ్లు పదకొండుమంది మధ్య నుంచి దూసుకుపోయావట. అది గొప్పే. సొంత అన్న ముందు నుంచి ఎలా దూసుకుపోయావురా?”

టోపీని చేత్తో తాకను కూడా తాకలేదు. టీ మాత్రం పోసింది. ఆమె పోయినప్పుడు శవపెట్టె మోసిన ఆరుగురిలో ఎమ్రిస్ ఉన్నాడు. మెరిగ్ లేడు. వీధి చివర దాకా వెనకే నడిచాడు.

ఆటలు ఎలా ముగుస్తాయో మీకు తెలుసు. ఒక జనవరిలో ఎవడిదో బూటు నేరుగా వచ్చి నా మీద పడింది. నేను నడుము దగ్గర మడత పడ్డాను. ఎముక విరగలేదు, మోకాలు తిరిగింది. తరవాత యుద్ధం వచ్చి మైదానాలే ఖాళీ అయ్యాయి. పెళ్లి చేసుకోలేదు అతను. తిరిగి వచ్చి తల్లి ఇంట్లో ఉన్నాడు. ముందు గదిలో పొగాకు, అగ్గిపెట్టెలు, పేపర్లు అమ్ముతాడు. పట్టీ విప్పి నన్ను తీసి సొరుగులో పెట్టాడు. మూడిళ్ల అవతల మెరిగ్. భార్య పోయింది, కూతురు పెళ్లయి వెళ్లిపోయింది. ఊపిరితిత్తుల నిండా రాతి ధూళి. అన్నదమ్ములిద్దరూ ఒకే వీధిలో పద్నాలుగేళ్లు ఒకరి దగ్గు ఒకరు వింటూ బతికారు. మెరిగ్ పేపరు కొనడానికి పై వీధి దుకాణానికి వెళ్లేవాడు. ఎమ్రిస్ అతను తిరిగి వచ్చేదాకా కిటికీ దగ్గర నిలబడి, రాగానే లోపలికి పోయేవాడు.

ఇక నిన్న. సమ్మె ముగిసి ముప్పై ఏళ్లవుతోందని ఊళ్లో కమిటీ వేశారు. రౌలాండ్స్ అధ్యక్షుడు. ఇప్పుడు చేతికర్ర, తెల్ల మీసం, గొంతు మాత్రం అదే. కౌంటరు మీద మోచేతులు ఆనించాడు.

“మీ ఇంటి అట్ట నీ దగ్గరుందట కదా. గ్రంథాలయంలో అద్దాల పెట్టెలో పెడతాం. పక్కన నీ టోపీ. కింద నీ పేరు.”

“అది నా కాలికున్న అట్ట. నలిగిపోయింది.”

“అందుకే కావాలి. ఆ రోజు నేను మైదానంలోంచే చూశా. మాలో అందరికన్నా గట్టిగా నిలబడ్డది నువ్వే. మావి మాటలు. నువ్వు సొంత అన్నకి కూడా బంతి ఇవ్వలేదు. పిల్లలకి అది తెలియాలి.”

ఎమ్రిస్ అగ్గిపెట్టెల వరస సర్దుతున్నాడు. సర్దినదాన్నే మళ్లీ సర్దాడు. పొగడ్త ఎంత లోతుగా గుచ్చుతుందో అప్పుడు చూశాను. ముప్పై ఏళ్లు తను దాచుకున్నదాన్ని ఎవరో విగ్రహం చేసి, కింద అతని పేరు చెక్కుతున్నారు.

“రేపు మూడింటికి నలుగురం వస్తాం,” అని రౌలాండ్స్ వెళ్లాడు.

అదీ సంగతి. నేను పెట్టెలోకి వెళ్తే ఇక ఎప్పటికీ ఇంతే. ఆ ఇంట్లో ద్రోహి లేడు, మూడిళ్ల అవతల ఉన్నాడు. మఖమల్ గుడ్డ మీద పడుకుని, తరతరాల బడిపిల్లలకు నేను అదే చెప్పాలి. ఒకే వాక్యం ఉన్నదాన్ని గనక ఎదురు చెప్పలేను. కానీ నేను ఎన్నడూ నిటారుగా నిలబడలేదన్న సంగతి గుర్తుంచుకోండి.

రెండు దాటింది. ఎమ్రిస్ కెటిల్ పొయ్యి మీద పెట్టాడు. రెండు కప్పులు తీశాడు. కప్పుల వైపు చాలాసేపు చూసి, కోటు వేసుకోకుండానే తలుపు తెరిచి బయటికి వెళ్లాడు. కుంటుకుంటూ మూడిళ్లు నడిచిన అడుగుల చప్పుడు విన్నాను. తలుపు మీద రెండు దెబ్బలు. చాలా ఆలస్యంగా గడియ తీసిన చప్పుడు.

“టీ పెట్టాను,” అన్నది ఎమ్రిస్ గొంతు.

 తరవాత మెరిగ్ చేతికర్ర ఒకటి, కుంటి అడుగులు రెండు, కలవకుండా కలుస్తూ దగ్గరికి వచ్చాయి. ఎమ్రిస్ లోపలికి వచ్చాడు. మెరిగ్ గుమ్మం బయటే ఆగిపోయాడు. అరవై దాటిన మనిషి, రొప్పుతూ, పాత అలవాటు కొద్దీ.

“అట్ట తీశావా?”

“కిటికీలో లేదు. బల్ల మీదుంది. రా.”

“అమ్మ తీసేదాకా ఇక్కడే నిలబడేవాణ్ణి. వానైనా సరే.”

“తెలుసు. రా అన్నయ్యా.”

వచ్చాడు. తల్లి కుర్చీ అంచున కూర్చున్నాడు.  మెరిగ్ దగ్గు ఆగాక బల్ల చివర వైపు చూపించాడు.

“ఆ చక్కెర గిన్నె ఇటు ఇయ్యి. కనీసం అదన్నా ఇయ్యరా.”

ఎమ్రిస్ గిన్నె జరిపాడు. కాస్త చక్కెర నా వీపు మీద ఒలికింది. మెరిగ్ దాన్ని వేలితో తుడిచి, నన్ను చూశాడు. చెమట మరకలు, మడత, నొక్కులు.

“ఇదేనా?”

“అదే.”

“దీన్ని నేను ఎప్పుడూ బయటినుంచే చదివా. ఇటుపక్క ఏదో రాసుంటారనుకునేవాణ్ణి.”

“ఏం రాయలేదు.”

“అవును, ఏం లేదు.”

“ఆ రోజు నువ్వు పిలిచింది వినబడింది,” అన్నాడు ఎమ్రిస్. “గోల వల్ల వినబళ్లేదని నువ్వనుకుని ఉంటే, అది కాదు. వినబడింది.”

మెరిగ్ టీ ఒక గుక్క తాగాడు. “నేనలా అనుకోలేదు లేరా. నీ కాలు తిరగబోవడం చూశా.” కప్పులో చక్కెర కలుపుతూ, “దగ్గింది ఎవడో ఇప్పటికీ తెలియలేదు,” అన్నాడు. ఇద్దరూ నవ్వలేదు గాని, నవ్వుకు దగ్గరగా ఏదో ఆ గదిలోకి వచ్చి కూర్చుంది.

వీధిలో అడుగులు. నాలుగు జతల బూట్లు, వాటి ముందు ఒక చేతికర్ర. రౌలాండ్స్ గొంతు ఎవరికో ఏదో చెబుతోంది. మెరిగ్ కప్పు దించి లేవబోయాడు.

“వాళ్లొస్తున్నారు. వెనక గుమ్మం నుంచి పోతా.”

“కూర్చో.”

“ఎమ్రిస్, నిన్ను కూడా…”

“టీ చల్లారిపోద్ది. కూర్చో అన్నయ్యా.”

ఎమ్రిస్ లేచాడు. మిగిలిన చక్కెర దులిపి నన్ను చేతిలోకి తీసుకున్నాడు. కిటికీకి ఉన్న తెర మొత్తం పక్కకు లాగాడు. బయటివాళ్లకు గది, బల్ల, రెండు కప్పులు, అమ్మ కుర్చీలో కూర్చున్న మనిషి, అన్నీ కనబడేటట్టు. తరవాత అక్షరాలు వీధి వైపుకు తిప్పి, నా వంకర అంచును కిటికీ చెక్క మీద ఆనించి, ఎడమకు ఒరిగితే ఒరగనిచ్చి, నన్ను అద్దానికి నిలబెట్టాడు.